200 గంటల తర్వాత: మొదటి కొలువు మాటలకు వ్యాఖ్యానం

హైదరాబాద్ శివారు తూంకుంట మీదుగా ఎగిరే వైమానిక దళ శిక్షణ విమానంలో కూర్చున్న కుర్రవాడికి మొదటి కొలువు ఎక్కడన్న బెంగ లేదు. దుండిగల్ అకాడమీలో, హకీంపేటలో నేర్చుకునే క్రమంలోనే ఫైటరా, రవాణా విమానమా, హెలికాప్టరా అన్నది దళమే తేల్చి పంపిస్తుంది. అదే రాజీవ్ రహదారి పక్కన ఏ కాలనీలోనో, ప్లాటు అమ్మో బ్యాంకు అప్పు తెచ్చో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించిన పిల్లకు, పిల్లవాడికి అలా తేల్చిపెట్టే పెద్దదిక్కు లేదు. చేతిలో లైసెన్సు, లాగ్‌బుక్కులో 200 చిల్లర గంటలు, నెత్తిన అరకోటి దాటిన ఖర్చు ఉంటాయి. ఎదురుగా ఉద్యోగ ప్రకటనలు ఉంటాయి. వాటిలో, వాటి వెంట వచ్చే ఒప్పంద పత్రాల్లో కొన్ని మాటలు పదే పదే కనిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లకు అవి కొత్త. పిల్లలకు మాట తెలుసు కానీ దాని వెనక ఉన్న లెక్క తెలియదు. ఆ మాటల్ని ఒక్కొక్కటిగా విప్పుకుందాం. నా పక్షం ముందే చెబుతున్నాను: జీతం, విమానం సైజు తర్వాతి సంగతులు. పక్కన కూర్చుని నేర్పేవాళ్లు ఉన్నారా? ‘ఇవాళ ఎగరను’ అనగలిగే వీలుందా? మొదటి కొలువులో ముందు చూడవలసినవి ఈ రెండూ.

200 గంటలు

లైసెన్సు ఇవ్వడానికి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే కనీసం ఇది. ఇందులో 100 గంటలు విమానానికి తానే బాధ్యుడిగా, అంటే పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగిరి ఉండాలి. క్రాస్ కంట్రీ 50 గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు ఉండాలి. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్ పరీక్షల్లో 70 శాతం మార్కులు రావాలి. ఇవన్నీ పూర్తిచేయడం చిన్న పని కాదు. అయినా ఆ గంటల్లో ఎక్కువ భాగం సెస్నా లాంటి ఒంటి ఇంజన్ విమానంలో, పగటివేళ, తెలిసిన ఎయిర్‌ఫీల్డు చుట్టూ గడిచినవే. ఆషాఢంలో మబ్బులు కమ్మిన రోజు శంషాబాద్ విమానాశ్రయం మీద దిగే వంతు కోసం హోల్డింగ్‌లో తిరుగుతూ, ఇంధనం ఎంత మిగిలిందో లెక్క వేసుకోవడం ఆ గంటల్లో రాదు. అది కొలువులోనే నేర్చుకోవాలి. అందుకే మొదటి కొలువును చదువులో మిగిలిన సగం అనుకోవాలి.

ఈ గంటలకు గడువు కూడా ఉంది. క్లాస్ 1 మెడికల్‌ను, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగును ఏడాదికోసారి కొత్త చేయించుకోవాలి. పెద్ద కంపెనీ పిలుపు కోసం ఇంట్లో రెండేళ్లు కూర్చున్నవారికి లైసెన్సు చేతిలో ఉన్నా చెయ్యి తిరగదు. ఆ సంగతి సిమ్యులేటర్ పరీక్షలో మొదటి పది నిమిషాల్లోనే బయటపడుతుంది. ఈ ఎదురుచూపు కాలంలో నెలకు రెండు మూడు గంటలైనా ఎగరడానికి డబ్బు పక్కన పెట్టాలని శిక్షణ మొదలుపెట్టిన రోజే ఇంట్లో చెప్పాలి.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. గాలిలో ఎగరకుండా కాగితం మీద ఎక్కించిన గంటలు మన దేశంలో ఉన్నాయి. కాగితాల మోసం గంటలతోనే ఆగలేదు: 2011లో దొంగ మార్కుల పత్రాలతో లైసెన్సు తీసుకున్న పైలట్ల వ్యవహారం బయటపడింది, అరెస్టులూ జరిగాయి. ఎవరైనా ‘ఓ ఇరవై గంటలు సర్దేస్తాం’ అంటే ఆ గేటు దాటి బయటికి వచ్చేయాలి.

ఫస్ట్ ఆఫీసర్

కుడి సీటు. మన దేశంలో 200 గంటల పైలట్ ఆ రకం విమానానికి కావలసిన అర్హత (టైప్ రేటింగ్) పూర్తిచేసి నేరుగా ఎయిర్‌బస్ ఎ320 కుడి సీట్లో కూర్చోవచ్చు. అమెరికాలో అలా కుదరదు. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. ఆ తర్వాత, 2013 నుంచి, అక్కడ ఎయిర్‌లైన్ కుడి సీటుకు సాధారణంగా 1500 గంటలు కావాలన్నారు. టెక్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో శిక్షణ పొందిన మన పిల్లలు ‘అక్కడైతే ఇన్‌స్ట్రక్టర్‌గా ఏళ్లు గడపాలి, మన దగ్గరే నయం’ అనుకుంటూ తిరిగివచ్చి, ఇక్కడి పరీక్షలు రాసి లైసెన్సు మార్పించుకోవడానికి ఇదీ ఒక కారణం.

కానీ ఆ ప్రమాదంలో ఇద్దరు పైలట్లకూ 1500 కంటే చాలా ఎక్కువ గంటలే ఉన్నాయి. రెక్కలు విమానాన్ని నిలపలేని స్థితి, అంటే స్టాల్, దగ్గరపడిందన్న హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చేయవలసిన దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేశాడని దర్యాప్తు తేల్చింది. ఫస్ట్ ఆఫీసర్ అంతకుముందు రాత్రంతా సియాటిల్ నుంచి దేశం ఆ చివరికి విమానాల్లో ప్రయాణించి డ్యూటీకి వచ్చింది. గంటల అంకె ఒక్కటే ఎవరినీ కాపాడదని ఆ దర్యాప్తు చదివితే తెలుస్తుంది. ఎలా నేర్పారు, ఎంత నిద్రపోనిచ్చారు అన్నవి ఆ అంకె కంటే ముఖ్యం. కాబట్టి కుడి సీటు ఇస్తామన్న కంపెనీని అడగవలసింది ఇది: ప్రయాణికులతో ఎగిరే లైన్ ట్రైనింగ్ ఎన్ని సెక్టార్లు, అంటే ఎన్ని ప్రయాణాలు? ఆ శిక్షణ ముగిసి రిలీజ్ కావడానికి మీ దగ్గర సగటున ఎన్ని నెలలు పడుతోంది? శిక్షణ ఇచ్చే కెప్టెన్లు చాలినంతమంది ఉన్నారా? కుర్రవాళ్లను టోకున చేర్చుకుని, నేర్పే కెప్టెన్లు లేక నెలల తరబడి కూర్చోబెడితే ఆ సీటు పేరుకే సీటు.

టైప్ రేటింగ్

ఒక రకం విమానం నడపడానికి ఇచ్చే అర్హత ఇది. ఎ320, బోయింగ్ 737, ఏటీఆర్ 72, దేనికది వేరు. సిమ్యులేటర్ల మీద కొన్ని వారాలు సాగే శిక్షణకు లక్షల్లో ఖర్చవుతుంది. ‘ముందు సొంత డబ్బుతో టైప్ చేసెయ్, ఉద్యోగం దానంతట అదే వస్తుంది’ అన్న సలహా మన దగ్గర బాగా నడుస్తుంది. నేను ఒప్పుకోను. చేతిలో నియామక పత్రం లేకుండా చేసిన టైప్ రేటింగ్ నెలలు గడిచేకొద్దీ పాతబడుతుంది. ఈలోగా కంపెనీలు వేరే రకం విమానాలకు మనుషుల్ని పిలిస్తే పెట్టిన డబ్బు అక్కడే ఆగిపోతుంది. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయని చదివి, సీటు ఖాయమని లెక్క వేసుకున్న ఇళ్లు చాలా ఉంటాయి. అదే ఏడాది ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ల ఇబ్బందితో ఉన్న విమానాలే పదుల సంఖ్యలో నేల మీద ఆగిపోయాయి. ఆర్డర్ ఇచ్చిన రోజుకూ, ఆ విమానం వచ్చి దానికి పైలట్లు కావలసిన రోజుకూ మధ్య ఏళ్లు పడతాయి.

ఇక ఏటీఆర్. జెట్ దొరికితే ఏటీఆర్ ఎందుకన్న చిన్నచూపు పిల్లల్లో ఉంది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లను విమానాలతో కలిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద బయలుదేరిన మొదటి విమానాల్లో కడప, హైదరాబాద్ మధ్య నడిచింది ఒకటి. అది హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ వారి ఏటీఆర్. చిన్న ఊళ్లకు పోయే ఆ విమానాల్లో పైలట్ ఒకే రోజు నాలుగైదుసార్లు ఎక్కి దిగుతాడు. ఆటోథ్రాటిల్ ఉండదు, పవర్ లీవర్ల మీద చెయ్యి తియ్యడానికి లేదు. మేఘాల పైకి పూర్తిగా వెళ్లలేరు కాబట్టి వాతావరణం మధ్యలోంచే దారి వెతుక్కోవాలి. 200 గంటల మనిషికి ఇంతకు మించిన బడి నాకు కనిపించదు. జెట్లో ఐదారు గంటల దూరప్రయాణం చేసినా ఒక్క టేకాఫ్, ఒక్క ల్యాండింగే. అవి కూడా రెండు సీట్లకూ పంచాలి. రెండూ ఎదుట ఉండి, జీతంలో తేడా భరించగలిగితే నేను ఏటీఆర్ వైపే చూపిస్తాను.

బాండ్

శిక్షణ ఖర్చు కంపెనీ పెట్టింది కాబట్టి ఇన్నేళ్లు వదిలివెళ్లననే రాతపూర్వక మాట ఇది. వదిలితే ఇంత కట్టాలి. బాండ్ అన్నంత మాత్రాన అన్యాయం అనక్కర్లేదు. కంపెనీ సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయిస్తే మూడేళ్లో ఐదేళ్లో ఉండమనడం సబబే. శిక్షణ ఖర్చు అభ్యర్థి చేతే పెట్టించి, పైన బాండ్ కూడా రాయించుకుంటే అది సబబు కాదు. చదివేటప్పుడు మూడు చోట్ల వేలు పెట్టి ఆగాలి. బాండ్ మొత్తం ఏడాదికేడాది తగ్గుతుందా? శిక్షణలో తప్పితే ఎవరు కట్టాలి? కంపెనీయే ఉద్యోగంలోంచి తీసేస్తే బాండ్ ఏమవుతుంది? ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కులు ఇవ్వమంటే అక్కడ ఇంకా ఎక్కువసేపు ఆగాలి. దీనికి తోడు డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ మానేయాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. కెప్టెన్‌కైతే ఏడాది. ఎయిర్‌లైన్లో ‘రేపటి నుంచి రాను’ అనే వెసులుబాటు లేదు.

బాండ్ పైలట్‌ను కంపెనీకి కట్టేస్తుంది కానీ కంపెనీని దేనికీ కట్టేయదు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో రెక్కలు ముడిచింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, ట్రూజెట్ 2022లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగాయి. వీటిలో రెండు మన తెలుగు నేల మీద పుట్టినవే. ఆగే ముందు గుర్తులు కనిపిస్తాయి: జీతాలు ఆలస్యమవుతాయి, విమానాలు లీజుదారులకు తిరిగి వెళ్తుంటాయి, సీనియర్ కెప్టెన్లు ఒక్కొక్కరే మానేస్తుంటారు. ఇంటర్వ్యూకు వెళ్లే ముందు ఆ కంపెనీలో ఏడాది కిందట చేరిన జూనియర్‌ను పట్టుకుని ‘జీతం నెల మొదట్లో పడుతోందా అన్నా?’ అని అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి.

నాన్ షెడ్యూల్డ్

టైమ్‌టేబుల్ లేని చార్టర్ విమానాలు. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేటలో ప్రముఖుల విమానాలు, చార్టర్లు, శిక్షణ మిగిలాయి. ఇందులో కో పైలట్‌గా చేరితే ఫ్లైట్ ప్లాన్, ఇంధనం, అనుమతుల కాగితాలు అన్నీ చేతికి వస్తాయి. కొత్త ఎయిర్‌ఫీల్డులు చూస్తారు. పని నేర్చుకోవడానికి మంచి చోటే. కానీ ఎయిర్‌లైన్లో పైలట్‌కూ ప్రయాణికుడికీ మధ్య డిస్పాచ్, ఆపరేషన్స్ కంట్రోల్ లాంటి అంచెలు చాలా ఉంటాయి. వాతావరణం బాగోలేదని ఆపితే ఆ మాట అంచెలంచెలుగా వెళ్తుంది. చార్టర్‌లో ప్రయాణికుడు రెండడుగుల దూరంలో, గడియారం చూసుకుంటూ నిలబడి ఉంటాడు. ఒక్కోసారి ఆ విమానం ఆయనదే.

తెలుగువాళ్లం ఈ రంగం ప్రమాదాల్ని మర్చిపోలేం. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి కైకలూరు దగ్గర, 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి నల్లమల పావురాలగుట్ట మీద హెలికాప్టర్ ప్రమాదాల్లో పోయారు. వారితోపాటు పైలట్లూ పోయారు. ఆ రెండు సందర్భాల్లో ఎవరో ఒత్తిడి పెట్టారని నేను అనడం లేదు. రెండో దుర్ఘటనలో బేగంపేట నుంచి బయలుదేరిన బెల్ 430 కు ఇద్దరు పైలట్లు ఉన్నారు, వారు పనికి కొత్తవాళ్లు కారు. అలాంటివారినే వానాకాలపు మేఘం మింగగలిగితే, 200 గంటల కో పైలట్‌కు ఆ పక్క సీట్లో ఏం కావాలి? ‘సార్, వెనక్కి తిరుగుదాం’ అంటే విసుక్కోని కెప్టెన్ కావాలి. తిరిగి వచ్చినందుకు జీతం కోయని యజమాని కావాలి. చార్టర్ కంపెనీని అడగవలసిన ప్రశ్న ఒకటే: కిందటి ఏడాది వాతావరణం వల్ల ఎన్ని ట్రిప్పులు ఆపేశారు? ‘ఒక్కటీ ఆపలేదు’ అని గర్వంగా చెబితే అక్కడ చేరవద్దు.

ఇన్‌స్ట్రక్టర్

మన దగ్గర దీన్ని ఏదీ దొరకనివాడి పనిగా చూస్తారు. నేర్చుకున్న బేగంపేటకే తిరిగి వెళ్లి కుడి సీట్లో కూర్చోవడం తిరోగమనంలా కనిపిస్తుంది. అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ (ఏఎఫ్ఐ) రేటింగ్‌కు అదనంగా శిక్షణ తీసుకోవాలి, పరీక్షలు రాయాలి. ప్రతి కదలికనూ చేస్తూనే నోటితో వివరించే ప్యాటర్ సాధన చేయాలి. కానీ ఎదుటివాడు చేసిన తప్పు ఎంతవరకు సాగనివ్వాలి, ఏ క్షణంలో కంట్రోల్ తీసుకోవాలి అన్నది రోజూ తేల్చుకునే మనిషికి వచ్చే నిబ్బరం ఇంకెక్కడా రాదు. ఎయిర్‌లైన్ పిలుపు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం కంటే వంద రెట్లు మేలు. జీతం తక్కువ, అది నిజం. అప్పు వాయిదా దానితో తీరకపోవచ్చు.

ఏజెంట్

సీటు ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడు. ఇంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఎంపిక

అసలు ఎంచుకునే అవకాశమే లేనప్పుడు? ఈ మాటకు జవాబు హైదరాబాద్ చరిత్రలోనే ఉంది. నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపేది. 1947లో కమర్షియల్ లైసెన్సు తీసుకున్న ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది కంపెనీలు ఆడమనిషని తిప్పిపంపాయి. ఉద్యోగం ఇచ్చింది డెక్కన్ ఎయిర్‌వేస్ ఒక్కటే. దేశంలో మొట్టమొదటి మహిళా కమర్షియల్ పైలట్ మొదటి కొలువు మన ఊళ్లో, కో పైలట్‌గా. 1949లో ఆమె నేషనల్ ఎయిర్ రేస్ గెలిచింది. గంటలు నిండాక కెప్టెన్ చేయమని అడిగితే కంపెనీ ఒప్పుకోలేదు. ఆమె ఆ కొలువు వదిలి ఢిల్లీలో బిర్లాల విమానం నడపడానికి వెళ్లింది, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరింది. దొరికిన ఒక్క తలుపూ తట్టి లోపలికి వెళ్లడం, అక్కడ నేర్చుకోవలసింది అయిపోయాక ధైర్యంగా బయటికి రావడం, రెండూ ఎంపికలే. అందుకే బాండ్ కాలం ఎంత అన్నది జీతం ఎంత అన్నదాని కంటే ముందు చూడమంటాను.

బేస్

ఏ ఊరి నుంచి డ్యూటీ మొదలవుతుందో ఆ ఊరు. కొత్తవారికి ఇందులో మాట చెల్లడం తక్కువ. హైదరాబాద్ బేస్ దొరికినా తూంకుంటలో ఇల్లున్నవారికి శంషాబాద్ దగ్గరేం కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద శామీర్‌పేట దగ్గర ఎక్కితే దాదాపు సగం చుట్టు తిరగాలి. తెల్లవారుజామున ఐదింటి విమానానికి రెండింటికే లేవాలి. డీజీసీఏ కొత్త డ్యూటీ నిబంధనలు వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలంటున్నాయి, రాత్రి ల్యాండింగులు తగ్గించమంటున్నాయి. వాటికి తగినంతమంది పైలట్లు లేక 2025 డిసెంబర్ మొదట్లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసుకుంది, శంషాబాద్‌లో జనం నేల మీదే పడుకున్నారు. కానీ నిబంధన లెక్కపెట్టేది డ్యూటీ గంటల్నే, ఇంటి నుంచి చేసే డ్రైవింగును కాదు. కాబట్టి మొదటి రెండేళ్లు ఎయిర్‌పోర్టు దగ్గర, నలుగురు బ్యాచ్‌మేట్లతో కలిసి అద్దెకు ఉండటం మంచిది. ‘సొంతిల్లు పెట్టుకుని అద్దె ఎందుకు బిడ్డా’ అని అమ్మ అడుగుతుంది. నిద్ర కోసమని చెప్పండి.