తస్వీర్ కింద పేరు చదవండి

కెమెరా ఫిరంగీల చీజ్ అనీ, మన బుజుర్గులు దాన్ని దూరం పెట్టారనీ మన ఖాందానుల్లో ఒక మాట ఉంది. తస్వీర్ జాయిజా, నాజాయిజా అనే బహస్ ఉన్నమాట నిజమే. కానీ తవారీఖ్ ఇంకో సంగతి కూడా చెబుతుంది.

1850ల్లో లక్నోలో హుసేనాబాద్ ఇమాంబాడాకి దారోగాగా ఉన్న అహ్మద్ అలీ ఖాన్‌ని జనం ఛోటే మియాఁ అనేవాళ్లు. ఆయన సొంతంగా కెమెరా పట్టాడు. నవాబ్ వాజిద్ అలీ షా దగ్గర్నుంచి ఊళ్లో కాపురమున్న ఇంగ్లీషు దొరలు, దొరసానుల దాకా ఎందరివో తస్వీరులు తీశాడు. 1857లో గదర్ లేచింది. ఛోటే మియాఁ బాగీల వైపు నిలిచాడు. ఆయన ముందు కుర్చీలో కూర్చున్న ఇంగ్లీషువాళ్లలో కొందరు ఆ ముట్టడిలోనే పోయారు. ఆ తస్వీరుల ఆల్బమ్ ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

అదే రోజుల్లో మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడ సర్కారీ ఫోటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్. 1857 డిసెంబరులో ఎడ్లబండ్ల మీద సామానేసుకుని శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదురై, తంజావూరు తిరిగాడు. మన సముద్రపొడ్డు ఆ దారిలో లేదు. తెలుగు నేల ఆయన కెమెరాలోకి రాళ్ల రూపంలో వచ్చింది. 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను తీశాడు. మరుసటేడు వాటిలో చాలా రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి.

2014-15లో ట్రైప్ తస్వీరులను వాషింగ్టన్, న్యూయార్క్, లండన్‌లలో ఎగ్జిబిషన్‌గా పెట్టారు. ఇలాంటివి చూసేటప్పుడు కొంచెం హుషారుగా ఉండాలి. ఆయన వాడింది మైనం పట్టించిన కాగితపు నెగటివ్. దాని మీద బొమ్మ పడడానికి చాలాసేపు పట్టేది. కదిలే మనిషి అందులో నిలవడు. వీధి ఖాళీగా కనబడిందని అక్కడ జనం లేరనుకోకండి. ఆకాశంలో మబ్బులు కూడా కొన్నిచోట్ల ఆయన నెగటివ్ మీద చేత్తో దిద్దినవే.

అందుకే పిల్లల్ని ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తే తస్వీర్‌తో పాటు కింద రాసిన చీటీ కూడా చదివించండి. తీసిందెవరు? తీయించిందెవరు? అందులో లేనిదెవరు? ఈ మూడూ అడగనివ్వండి. ఇంటికొచ్చాక సందూక్‌లోని నానీమా, దాదామియా తస్వీరులు తీసి, వెనకాల పేర్లు, ఊరు, సాల్ రాసిపెట్టండి. చెప్పేవాళ్లు బతికుండగానే ఆ పని కావాలి.