పరమానందయ్య శిష్యులు: నవ్వు మరుగున పడిన బంధం

మందబుద్ధులైన వయోజన శిష్యులను వెంటబెట్టుకొని తిరిగిన గురువుగా పరమానందయ్య తెలుగువారికి సుపరిచితుడు. బెస్కి (1680–1747) తమిళంలో రచించిన పరమార్థ గురువు కథ దీనికి సన్నిహితం. బాబింగ్టన్ దానిని 1822లో లండన్‌లో ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. అక్కడ శిష్యులు ఐదుగురు, తెలుగులో పన్నెండుగురు. ఏరు దాటాక లెక్కించేవాడు తనను తాను మరచిపోతాడు. ఈ ఘట్టం దగ్గర పాఠకుడు నవ్వి ఊరుకుంటాడు. తప్పిపోయాడనుకొన్న ఆ ఒక్కడి కోసం తక్కినవారందరూ విలపించడాన్ని విమర్శ ఇంకా తగినంతగా పట్టించుకోవలసి ఉంది. శిష్యులు ఎన్ని అనర్థాలు తెచ్చిపెట్టినా గురువు వారిని వెళ్లగొట్టడు. నేటి ‘బౌద్ధిక వైకల్యం’ అనే వర్గీకరణను ఈ కథలకు యథాతథంగా అన్వయించడం కాలవిరుద్ధమే. సి. పుల్లయ్య దర్శకత్వంలో 1966లో వచ్చిన చలనచిత్రంలోనూ హాస్యానిదే పైచేయి. చదువులో వెనుకబడినవారిని ‘పరమానందయ్య శిష్యుల’ని వెక్కిరించే వాడుకలో శిష్యులే మిగిలారు, వారిని విడువని గురువు కనిపించడు.