గండిపేట పానీ వెనకున్న జమీన్

గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదిలిపోడని మన బుజుర్గులు అనేవారు. ఆ తారీఫ్ అంతా కట్టకే దక్కింది. కట్ట వెనకున్న జమీన్ సంగతి ఎవరూ ఎత్తరు.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద షహర్‌ను ముంచి వేలమంది జాన్ తీసింది. అప్పుడు మహబూబ్ అలీ పాషా జమానా. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదను షహర్‌కు ఎగువనే ఆపాలన్నది ఆయన సలహా. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. అసల్ మక్సద్ వరద ఆపడమే. తాగునీరు దాంతోపాటే దొరికిన నేమత్.

ఆ నీరు సాఫ్‌గా రావడానికి ఎగువ పల్లెలే సబబ్. ఖుష్కీ భూములు, జొన్నచేలు, గడ్డి బీళ్లు, చిన్నచిన్న కుంటలు. వాననీరు వాటిలోంచి మెల్లగా జారుతూ ఒండ్రును దారిలోనే వదిలేసేది. ఆ గడ్డిలోనే నెమళ్లు, కుందేళ్లు బతికేవి. చిల్కూరు దగ్గరున్న నిజాం షికార్‌గాహ్‌ను 1994లో మృగవని జాతీయ పార్కు చేశారు. బందూకు కోసం దాచిన అడవి చుక్కల జింకలకు పనాహ్ అయింది, ఖుదా కీ షాన్!

1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కార్ఖానాలు, పెద్ద హోటళ్లు, కాలనీలు బంద్. 84 ఊళ్లు దాని కిందికి వచ్చాయి. నూటికి 90 వంతుల నేల సేద్యం వగైరాలకే ఉంచాలన్నారు. ఒక ఆముదం ఉత్పత్తుల కార్ఖానాకు సర్కారే మినహాయింపు ఇవ్వబోతే, 2000లో సుప్రీంకోర్టు కుదరదంది. మంచి ఫైసలా అది.

కానీ మొయినాబాద్ వైపు నాలుగెకరాలున్న మా ఖాలూ మాట కూడా వినాలి. "మీకు సాఫ్ పానీ కావాలి బేటా, నాకు బిడ్డ షాదీకి పైసా కావాలి. పక్కూళ్లో ఎకరా కోట్లు పలుకుతుంటే నాది జొన్నచేనుగానే ఉండాలా?" అనేవారు. ఈ షికాయత్ వాజిబే. షహర్ తాగిన ప్రతి గ్లాసులో ఆ రైతుల హక్ ఉంది. నీటి బిల్లులోంచి వాళ్లకో హిస్సా ఇచ్చి ఉంటే, ఆ ఆంక్షను వాళ్లే కాపాడేవారని నా ఖయాల్.

ఆ పని జరగలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి, నీటి నాణ్యత చెడకూడదన్న షరతుతో, సర్కార్ ఆ ఆంక్షలు ఎత్తేసింది.