చెరపడానికీ ఒక రిజిస్టరు

1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా భద్రాచలం తాలూకా తూర్పు గోదావరిది. కాబట్టి అక్కడి కచేరీలో మద్రాసు ప్రెసిడెన్సీ అలవాట్లే నడిచాయి. మా నాన్న ఆ అలవాట్లలో పెరిగిన రికార్డు గుమాస్తా. నేను తోంగ్‌పాల్‌లో, జగదల్‌పూర్ నుంచి కోంటా వెళ్లే రోడ్డు పక్కన కూర్చుని కిరాణా కొట్లకూ లాడ్జీలకూ వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. ఆయన కాగితాలు తగలబెట్టించేవాడు, నేను డేటాబేసులు తీసేస్తాను. పని ఒకటే. పద్ధతి మాత్రం ఆయన కాలంలోనే బాగుండేది.

దాన్ని టాటెన్‌హామ్ పద్ధతి అనేవారు. ఫైలు ముగిసిన రోజే దాని ఆయుష్షు నిర్ణయమైపోయేది. ఆర్.డిస్. అని పడితే శాశ్వతం. డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఒక్క ఏడాది. ఎన్.డిస్. అయితే కాగితం పంపినవాళ్లకే వాపసు. ఆ వ్యవహారం తెలిసినవాడు, అది ఇంకా గుర్తున్నప్పుడే గడువు రాసేవాడు. పదేళ్ల తర్వాత వచ్చిన కొత్త గుమాస్తాకు ఊహించే పని ఉండేది కాదు. గడువు తీరిన కట్టలు విడిగా తీసి, జాబితా రాసి, పైఅధికారి ఒప్పుకున్నాకే మంట. కాగితం బూడిదైనా జాబితా మిగిలేది. అది చాదస్తమన్నవాళ్లు చాలామంది. నేను అనను.

చట్టమూ ఈ సంగతి పట్టించుకుంది. రికార్డుల నాశనం మీద 1917లోనే ఒక చట్టం వచ్చింది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టమైతే 1892కు ముందువాటిని, భద్రపరచి వాడుకోవడానికి వీల్లేకుండా పాడైతే తప్ప, నాశనం చేయొద్దంది. కంప్యూటరులో పుట్టినదీ రికార్డేనని అదే చట్టం చెప్పింది.

ఇక మా వైపు కథ. డేటాబేసులు నడిపే మైఎస్‌క్యూఎల్ 1995లో, సర్వర్‌ను బ్రౌజర్‌లోంచే నడిపించే ప్యానెల్ సీప్యానెల్ 1996లో, డేటాబేసులను అలాగే చూపించే పీహెచ్‌పీమైఅడ్మిన్ 1998లో వచ్చాయి. అంతకుముందు సర్వర్ దగ్గర కూర్చున్నవాడికే ఉన్న అధికారం ఒక్క బటన్‌తో కొట్టు యజమాని చేతికొచ్చింది. తీసేయమంటే ప్యానెల్ ఒకసారి ‘నిజమేనా’ అని అడుగుతుంది, అంతే. అలా తీసేసిన డేటాబేసుకు చెత్తబుట్ట లేదు, వెనక్కి తిప్పే ఆజ్ఞా లేదు.

ఇలా డేటా పోగొట్టుకోవడం పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లోని డేటాను తుడిచేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఐదు ఉన్నాయి, నమ్మదగినట్టు పనిచేసింది ఒక్కటీ లేదు. ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన నకలు దొరకబట్టి గట్టెక్కారు.

అందుకే నేను నాన్న పద్ధతినే ప్యానెల్‌లోకి తెచ్చుకున్నాను. ఖాతాలో ఒకే రకం పేర్లతో నాలుగైదు డేటాబేసులుంటాయి. పేరు చూసి నమ్మను. సైటు కాన్ఫిగ్ ఫైలు తెరిచి, అది ఏ డేటాబేసును పిలుస్తోందో చూస్తాను. తర్వాత ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును ఖాళీ డేటాబేసులోకి ఎక్కించి, పట్టికలన్నీ వచ్చాయో లేదో చూస్తాను. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోను. నకలు అదే సర్వర్‌లో ఉంచను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. అది చూసిన ఊరివాళ్లకు రెండు నకళ్లూ ఒకే గదిలో ఎందుకు పెట్టకూడదో చెప్పనక్కర్లేదు.

వెంటనే తీసేయను కూడా. ముందు ఆ డేటాబేసు నుంచి యూజర్‌ను విడదీసి కొన్నాళ్లు ఆగుతాను. ఏ మూలనో దాన్ని వాడుకుంటున్న సైటు ఉంటే ఆగిపోతుంది, యజమాని ఫోన్ చేస్తాడు. అప్పుడు యూజర్‌ను మళ్లీ కలిపితే చాలు. ఫోన్ రాకపోతే పేరు, తేదీ, ఎవరు చెప్పారు, నకలు ఎక్కడుంది అన్నవి నోటుబుక్కులో రాసి, అప్పుడు డిలీట్ నొక్కుతాను.

ఒక్కటి మరవకండి: డేటాబేసు పోయినా దాని యూజర్ పేరు, పాస్‌వర్డు ప్యానెల్‌లో అలాగే ఉంటాయి. వాటిని విడిగా తీసేయాలి.