బడిజీతము, బీదల దరఖాస్తు

బేరిగై నేడు కృష్ణగిరి జిల్లా శూలగిరి తాలూకాలోని గ్రామము. పూర్వము పాళెగాండ్ర యేలుబడిలో నుండిన పాళెము. కర్ణాటక సరిహద్దు చేరువ యగుటచే అచట తెలుగు, కన్నడము, తమిళము మూడును వినవచ్చును. సేద్యము చేయువారును, హోసూరు కర్మాగారములకు పనికి పోవువారును కలసియుండు ఈ ప్రాంతమున, బిడ్డను ప్రైవేటు బడిలో రుసుము లేకుండ చేర్పింపగోరు తల్లిదండ్రులు జననపత్రము, ఆదాయపత్రము, కులపత్రము, నివాసపు ఆధారము చేతబట్టుకొని దరఖాస్తు చేయుటకు పోవుదురు. బడి నడుపువారిని బీదవాడు సాయమడుగుట క్రొత్త కాదు. అడుగు తీరు మారినది. ఎవరిని అడుగవలెనో అదియు మారినది. ఆ మార్పు ఈ సీమ తెలుగును గూడ తాకినది గనుక దాని చరిత్ర పరిశీలింపదగియున్నది.

బడికి కట్టు రుసుమును తెలుగువారు 'జీతము' అనిరి. పెద్దల నోట 'స్కూలు జీతము' అను మాట మొన్నమొన్నటి వరకు వినబడినది. పంతులు పుచ్చుకొనునదియు, పిల్లవాడు ఇచ్చునదియు ఒకే పేరు గలిగియుండుట పొరపాటు కాదు. రెండును ఒకే డబ్బు. వీధియరుగు మీద బడి పెట్టిన పంతులకు వేరే యజమాని లేడు, సర్కారు జీతము లేదు. కావున ఎవరు ఎంత ఈయగలరో ఆయనకే తెలియును. తగ్గింపు కావలసినవాడు అరుగు దగ్గరకు పోయి ఒక మాట చెప్పుకొనెడివాడు.

ఈ అరుగుబడుల లెక్క దొరకుటకు కారణమైన అధికారికి ఈ సీమతో చుట్టరికము కలదు. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు కుంపిణీ వశమయ్యెను. అలెగ్జాండరు రీడు చేతిక్రింద థామస్ మన్రో 1799 వరకు ఆ సీమలో శిస్తు వ్యవహారములు చూచెను. హోసూరు భాగము టిప్పు పతనానంతరము 1799లో చేరినది. పిమ్మట గవర్నరైన మన్రో 1822లో మదరాసు రాజధాని యంతట బడుల వివరములు పంపుడని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. 1826 మార్చి 10 నాటి నివేదికలో బడులు 12,498, చదువువారు 1,88,650 అని తేలినది. పంతుల ఆర్జన నెలకు ఆరేడు రూపాయలకు మించదనియు, పిల్లవాని జీతము 4, 6, 8 అణాలనియు మన్రో వ్రాసెను. తల్లిదండ్రుల స్తోమతును బట్టి ఈ హెచ్చుతగ్గులని పలువురు కలెక్టర్లు తెలిపిరి. ఒకే చాప మీద కూర్చున్న ఇరువురు బాలురలో ఒకడు పావులా, మరియొకడు అర్ధరూపాయి ఇచ్చుట వింతగా తోచని కాలమది.

బేరిగై వలెనే తెలుగు కన్నడములు కలసిన బళ్ళారి జిల్లా నుండి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన జాబు వీనిలో మిక్కిలి విలువైనది. అచట 533 బడులుండగా 226 తెలుగువి, 235 కన్నడమువి. అన్నింట కలిపి చదువువారు 6,641 మంది. ఐదవ యేట బియ్యములో అక్షరములు దిద్దించుట మొదలు అచటి చదువు తీరును ఆయన వర్ణించెను. పిమ్మట బడులు క్షీణించుటకు హేతువు చెప్పెను: దేశము క్రమక్రమముగా దరిద్రమగుచున్నది; సీమబట్ట దిగుమతిచే నేతపనివారి బ్రతుకు చెడినది; పిల్లల లేతచేతులు ఏ కొంచెము పనికి పనికివచ్చినను తల్లిదండ్రులు వారిని బడి మాన్పించుచున్నారు. అనగా తగ్గించిన జీతమును గూడ ఈయలేని కాలము వచ్చినది. స్వయముగా కుంపిణీ కొలువులో నున్నవాడు ఈ మాట వ్రాయుట గమనింపదగినది.

జీతము ఈయలేని పిల్లవానికి ఊరు కొన్ని తోవలు చూపెను. దసరాలో పంతులును పిల్లలును విల్లంబులు పట్టుకొని ఇల్లిల్లు తిరుగు ఆచారము వేడుకగానే మనకు జ్ఞాపకమున్నది. కాని బడికి పంపుటకు పిల్లలు లేని ఇంటివారు గూడ ఆనాడు పంతులకు కొంత ముట్టచెప్పిరి గదా! ఊరంతయు కలిసి ఇచ్చిన బడిజీతమది. రెండవది వారములు చెప్పుకొనుట: రోజున కొక ఇంట భోజనము చేసి చదువుట. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశంగారు ఒంగోలులో అటులే చదివిరి. మిడిల్ స్కూలు పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయల కొరకు పడిన పాట్లను తమ జీవితకథలో వ్రాసికొనిరి. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరమునకు పోవుచు ఆయనను వెంట గొనిపోవుటచే చదువు ముందునకు సాగినది. ఆ అరుగు అందరికిని అందలేదని గూడ చెప్పవలెను. ఆడుపిల్లలును, అంటరానివారని ఊరు వెలివేసిన కులముల పిల్లలును ఆ లెక్కలలో మిక్కిలి అరుదు. వారములు దొరకుటయు ప్రాయికముగా బ్రాహ్మణ బాలురకే. ఊరి దయకు ఊరి హద్దులే హద్దులు.

1854 నాటి ఉడ్ దొరగారి విద్యాపత్రము ఈ వ్యవహారమును తలక్రిందులు చేసినది. ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు వచ్చినది. కాని ఎంత స్వల్పమైనను కొంత రుసుము వసూలు చేయు బడికే గ్రాంటు అని నిబంధన. ఉచితముగా వచ్చు చదువునకు విలువ యుండదని హేతువు చెప్పిరి. కావున ధర్మబడి పెట్టినవాడు గ్రాంటు కోరినచో జీతము పుచ్చుకొనవలసినవాడయ్యెను. 1882 నాటి హంటరు సంఘము దీనిని కొంత సడలించి, బీదతనమును బట్టి కొందరిని రుసుము లేకుండ చేర్చుకొనవచ్చుననియు, రుసుమును డబ్బుగా గాని వస్తువుగా గాని పుచ్చుకొనవచ్చుననియు సిఫారసు చేసినది. బీదతనమును కాగితము మీద నిరూపింపవలసిన అవసరము ఇచట వేరూనినది. పంతులు కంటితో చూచి తెలిసికొనునది ఇక అధికారి సంతకముతో తెలియవలెను.

స్వాతంత్ర్యానంతరము, 1960వ దశకములో, మదరాసు రాష్ట్రమున ఎస్.ఎస్.ఎల్.సి. వరకు బడిజీతము క్రమముగా తొలగినది. సర్కారు తెలుగుబడిలో చదువు బిడ్డకు జీతపు చింత తీరినది. అయినను అదే తరములో హోసూరున కర్మాగారములు వెలసినవి, ఇంగ్లీషు బోధనగల మెట్రిక్యులేషను బడులు పెరిగినవి, జీతము తిరిగి వచ్చినది. రుసుములను కట్టడి చేయుటకు తమిళనాడు 2009లో చట్టము చేయవలసి వచ్చినది.

అదే యేట పార్లమెంటు చేసిన నిర్బంధ ఉచిత విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. గ్రాంటు లేని ప్రైవేటు బడియు ప్రవేశపు తరగతిలో నాలుగవ వంతు స్థానములను ఇరుగుపొరుగు బీదపిల్లలకు ఈయవలెను. ఎనిమిదవ తరగతి వరకు రుసుము లేదు. ప్రభుత్వము తాను ఒక పిల్లవానికి చేయు వ్యయమును, బడి రుసుమును పోల్చి, ఏది తక్కువో అది బడికి చెల్లించును. తమిళనాడులో వార్షికాదాయము రెండు లక్షల లోపువారును, వెనుకబడిన తరగతులవారును దరఖాస్తు చేయవచ్చును. ఇల్లు బడికి ఒక కిలోమీటరు లోపల నుండవలెను. స్థానములను మించి దరఖాస్తులు వచ్చినచో చీట్లు తీయుదురు. పట్టణమున కిలోమీటరు లోపల నాలుగు బడులుండవచ్చును. బడి బస్సు కొరకు రోడ్డున నిలుచు పల్లెపిల్లకు ఈ కొలత సుముఖము కాదు. తొమ్మిదవ తరగతి మొదలు పూర్తి రుసుము తండ్రి మీద పడుననునది దరఖాస్తునాడు తలపునకు వచ్చుట అరుదు.

తెలుగువారికి ఇందులో మరియొక చిక్కు కలదు. సుప్రీముకోర్టు 2012 ఏప్రిల్ 12న ఈ నాలుగవ వంతు నియమమును సమర్థించుచు, గ్రాంటు లేని అల్పసంఖ్యాకుల బడులను మినహాయించెను. 2014 మే 6న అల్పసంఖ్యాకుల బడులన్నిటికిని ఆ మినహాయింపు విస్తరించెను. రాజ్యాంగపు 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకును వర్తించును గనుక తమిళనాట తెలుగువారు తమ హక్కుతో నడుపు బడియు ఇందు చేరును. స్వాతంత్ర్యమును కాపాడుటకు ఇచ్చిన మినహాయింపే గాని, దాని ఫలితమేమి? బేరిగై ప్రాంతపు బీదతండ్రి చేయు దరఖాస్తు అతని బిడ్డను ప్రాయికముగా ఇంగ్లీషు బోధించు బడికే కొనిపోవును. తెలుగు బడికి కొనిపోదు. సర్కారు తెలుగుబడి ఉచితమే, కాని దానికి దరఖాస్తు అక్కరలేకుండుటయే దాని విలువను తగ్గించుచున్నది. ఉడ్ దొరగారి హేతువు ఇంకను చావలేదు. ఆ తండ్రిని నిందించుట తగదు. రెండు లక్షల లోపు ఆదాయమున బిడ్డ భవిష్యత్తును లెక్కించువాడు తనకు కనబడిన తలుపునే తట్టును. 2025 సెప్టెంబరు 1న సుప్రీముకోర్టు ధర్మాసనము 2014 తీర్పును సందేహించి, విస్తృత ధర్మాసనమునకు నివేదించెను.

ఆ 2025లోనే కేంద్ర రాష్ట్రముల నిధుల తగవువలన తమిళనాట వేసవిలో జరుగవలసిన ఈ ప్రవేశములు అక్టోబరు వరకు ఆగినవి. అప్పటికి బడులు తెరచి నాలుగు నెలలైనది. కావున అంతకుముందే ఆయా బడులలో చేరియున్న పిల్లలనుండియే అర్హులను ఎన్నుకొనిరి. జూన్ నెలలో చేతిలో రూపాయి లేక ఆ గడప తొక్కనివాని పేరు ఆ జాబితాలో చేరుటకు వీలే లేకపోయెను.