ఎండాకాలం సాక్షిగా ఆబిడ్స్, నాంపల్లి

హైదరాబాదు చరిత్ర పేరుతో మనకు అచ్చులో దొరికేది చాలా మేరకు కట్టడాల చరిత్ర. ఏ నవాబు ఏ సంవత్సరంలో ఏ మహలు కట్టించాడో చెప్పే గ్రంథాలకు కొదవ లేదు. ఆ మహలు వెనుక గల్లీలో వైశాఖమాసపు మధ్యాహ్నం జనం ఎట్లా బతికారన్నది మాత్రం ఎవరికీ చరిత్రగా కనిపించలేదు. తెలుగు రచయితలు కూడా ఈ విషయంలో పెద్దగా మినహాయింపు కారు. మన కథల్లో కృష్ణా ఒడ్డు ఎండ ఉంది, పాలమూరు కరువు ఎండ ఉంది. ఆబిడ్స్ తారురోడ్డు ఎండ ఎక్కడో అరుదుగా తప్ప తగలదు.

ఆబిడ్స్ అనే పేరే ఒక దుకాణం పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆయన దుస్తులూ సరంజామా చూసుకున్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ ఇక్కడ వ్యాపారం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. అంగడి పేరు మీద వెలిసిన పేట కనుక దీని స్వభావంలో మొదటి నుంచీ కొనగలిగినవాడికీ చూసి పోయేవాడికీ మధ్య గీత ఉంది. వేసవిలో ఆ గీత మరీ స్పష్టమవుతుంది. డబ్బున్న ఇంట్లో వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవారు. ఆ నీళ్లు చల్లిన కుర్రవాడు మాత్రం బయటే ఉండేవాడు. వడగాలి తగలకుండా జేబులో ఉల్లిగడ్డ వేసుకుని తిరగడం అతనికి తెలిసిన వైద్యం.

మొజంజాహి మార్కెట్ సంగతి చూడండి. ఏడో నిజాం రెండో కొడుకు పేరు మీద 1935లో రాతితో కట్టిన భవనం అది. దాని గడియార స్తంభాన్ని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ కొన్ని దశాబ్దాల పాటు ఇది నగరానికి పండ్లబజారు. మామిడి కాపు వచ్చిందంటే గంపలు, గడ్డి, బళ్లు, హమాలీలు, దలాలీల వేలంపాటలతో ఆ ప్రాంతమంతా నిండిపోయేది. రైతు మాట తెలుగు, వేలంపాట ఉర్దూ, లెక్క రాసుకునే చేతికి తోచిన లిపి. నేటి ఊళ్లో మనం వినే హైదరాబాదీ మాట ఇటువంటి చోట్లనే తయారయిందని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయపు గదుల్లో భాష ఎట్లా ఉండాలన్న చర్చ జరుగుతుంటే, బజారు తన పని తాను చేసుకుపోయింది. టోకు పండ్ల వ్యాపారం 1980లలో గడ్డిఅన్నారానికీ, తరవాత అక్కడి నుంచి బాటసింగారానికీ తరలిపోయింది. మార్కెట్ భవనాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. రాయి శుభ్రమయింది. హమాలీ కనబడడు.

మిగిలింది ఐస్‌క్రీం దుకాణాలు. పండ్ల ఐస్‌క్రీం తినడానికి ఎండాకాలపు సాయంత్రం ఊరి నలుమూలల నుంచీ అక్కడికి జనం వస్తారు. అది చేసే పాత పద్ధతి తెలుసుకోవాలి. చెక్క బాల్చీలో బరఫ్ ముక్కలూ ఉప్పూ కూరి, మధ్యలో పాలూ పండ్ల గుజ్జూ పోసిన రేకు డబ్బాను చేత్తో తిప్పుతూ ఉంటారు. ఉప్పు కలిసిన మంచు మామూలు మంచుకంటే చల్లబడి డబ్బాలోని పాలను గడ్డకట్టిస్తుంది. తిప్పడం ఆగితే అది రాయిలాగా బిగుసుకుంటుంది. ఆ చల్లదనం వెనుక భుజాల చెమట ఉందన్న మాట. రుచిని గురించి వ్యాసాలు రాసేవారికి ఈ చెమట సాధారణంగా కనిపించదు.

ఇక వేసవిని గురించి మరో చరిత్ర చెప్పాలి. సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక 1926 మే 10న మొదలయింది. పదో నిజామాంధ్ర మహాసభ 1943 మే నెలలో కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షతన హైదరాబాదులో జరిగింది. అదే నెల 26న ఆబిడ్స్‌లోని రెడ్డి హాస్టలులో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది. ఆ తరవాతి ఏడాది మళ్లీ మే నెలలోనే భువనగిరి మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగి, సంస్థ అతివాద, మితవాద పక్షాలుగా చీలడం తెలిసిందే. ఇన్ని మే నెలలు కాకతాళీయమా? వకీళ్లకు, పంతుళ్లకు, విద్యార్థులకు తీరిక దొరికే నెల అది కావడం కొంత కారణమని నా ఊహ. మొదటి ఆంధ్ర మహాసభ 1930 మార్చిలో జోగిపేటలో జరిగింది కనుక దీన్ని సూత్రం చేయబోను. కానీ సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందుగా అనుమతి తెచ్చుకోవలసిన రాజ్యంలో, బడి లేని నెల రాజకీయానికి అక్కరకు వచ్చిందనడంలో అతిశయోక్తి లేదు. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిందీ ఆ 1943లోనే, ఫిబ్రవరిలో. అక్కడ రచయితలు ఫాసిజాన్ని గురించి మాట్లాడుతుంటే, ఇక్కడ తల్లిభాషలో పరీక్ష పెట్టుకునే హక్కు కోసం పరిషత్తు నిలబడింది. రెండూ ఒక కాలపు అవసరాలే. పరిషత్తు నడిపిన ప్రవేశ, విశారద పరీక్షలు రాసి ఎందరో తెలుగు పంతుళ్లయ్యారు. మా వృత్తికి ఆ హాస్టలు గదికీ బంధుత్వం ఉంది.

ఆదివారం ఆబిడ్స్ దుకాణాలు మూతపడితే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. పరీక్షలయిన వేసవిలో ఒకరి పాఠ్యపుస్తకం అక్కడికి చేరుతుంది, జూన్‌లో బడి తెరిచేలోపు ఇంకొకరి చేతికి పోతుంది. అట్టమీద పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసిన పుస్తకాలతో నా తరగతిలో కూర్చున్న పిల్లలు తక్కువేమీ కాదు. ఈ బజారును కొందరు పుస్తకప్రియుల విలాసంగా వర్ణిస్తారు. పేదవాడి చదువు లెక్కల్లో దీనికున్న చోటు ఎవరూ తూచలేదు.

వేసవి ముగింపు నాంపల్లిలో జరుగుతుంది. 1907లో రైల్వేస్టేషను వచ్చింది, 1919లో దాని ఎదుట ముసాఫిర్ల కోసం సరాయి లేచింది. గోలకొండ ముట్టడికి ఔరంగజేబు సేనతో వచ్చిన యూసుఫ్, షరీఫ్ బాబాల దర్గా ఆ చుట్టుపట్లనే. వచ్చేపోయే మనుషుల పేట ఇది. మృగశిర కార్తె నాడు ఎక్జిబిషన్ మైదానంలో బత్తిన కుటుంబం చేపమందు ఇస్తుంది. పూర్వం పాతబస్తీ దూద్‌బౌలిలో ఇచ్చేవారు. చిన్న కొర్రమీను నోట్లో పసుపుపచ్చని ముద్ద పెట్టి బతికుండగానే మింగిస్తారు. మూడేళ్లు వరసగా తీసుకోవాలి, నలభైఅయిదు రోజులు పథ్యం. ముద్దలో ఏముందో చెప్పరు, డబ్బు తీసుకోరు. జన విజ్ఞాన వేదిక ఇది వైద్యం కాదని కోర్టుకెక్కింది. మందు పేరు ప్రసాదంగా మారింది. కరోనా వల్ల ఆగి, 2023లో మళ్లీ మొదలయింది.

నేను వేదిక వాదనతో ఏకీభవిస్తాను. పరీక్షకు నిలవని దాన్ని మందు అనడానికి వీలులేదు. అయితే మన అభ్యుదయవాదులు అక్కడితో కలం మూసేస్తారు. ఉబ్బసంతో రాత్రి కూర్చునే నిద్రపోయే మనిషి, బీహారు నుంచో మధ్యప్రదేశ్ నుంచో రెండు రోజులు రైల్లో వచ్చి, నాంపల్లి మైదానంలో ఎండలో వరసలో ఎందుకు నిలబడ్డాడు? అతని ఊళ్లో డాక్టరు ఉన్నాడా, పీల్చే మందు ధర ఎంత, ఎన్ని నెలలు కొనగలిగాడు? మూఢనమ్మకం అన్న మాట ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. ఆ వరసలో ఒక పగలు నిలబడి, పక్కవాడి కథ విని, తెలుగులో రాసిన కథకుణ్ణి నేనింకా చదవలేదు.