ఎడమకు తిరగాలంటే కుడికి తిప్పాలి

కొత్తగా మోటారుసైకిలు ఎక్కినవాడికి మన పెద్దలు చెప్పే మాట ఒక్కటే: "భయపడకురా, ఏం కాదు!" చెరువుగట్టు మీద నాకు బండి నేర్పిన మా బాబాయి కూడా అదే అన్నాడు. వణికే చేతులకు ఆ మాట ఏమంత సాయపడలేదు. ఈ భయం ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ వెళితే, అది మోటారుసైకిలంత పాతదని తేలింది.

1885లో జర్మనీలోని కాన్‌స్టాట్‌లో గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ తమ కొత్త పెట్రోలు ఇంజనును పరీక్షించడానికి ఒక చెక్కబండి తయారుచేశారు. ఇంజను శక్తి సుమారు అర అశ్వశక్తి. వేగం గంటకు 12 కిలోమీటర్లకు మించదు. అయినా ఒరిగిపోకుండా దానికి ఇరుపక్కలా చిన్న చక్రాలు తగిలించారు. అంటే, తొలి మోటారుసైకిలును తయారుచేసినవారే రెండు చక్రాలను పూర్తిగా నమ్మలేదన్నమాట!

బండి ఎలా నిలుస్తుందో, ఎలా తిరుగుతుందో తొక్కేవాడికే తెలియదన్న సంగతిని విమానం కనిపెట్టిన రైటు సోదరులలో పెద్దవాడు విల్బర్ గమనించాడు. 1892లో డేటన్‌లో సైకిళ్ళ దుకాణం తెరిచిన సోదరులు వారు. ఎడమకు ఎలా తిరుగుతారని ఆయన ఎందరో సైకిలిస్టులను అడిగాడు. ముందుగా హ్యాండిలును క్షణకాలం కుడికి తిప్పుతామని, దాంతో బండి ఎడమకు ఒరుగుతుందని, ఆ తర్వాతే మలుపు తిరుగుతుందని వారెవరూ పూర్తిగా చెప్పలేకపోయారట. చేతులు చేస్తున్న పని మనసుకు తెలియదు!

వేగంగా పోయే మోటారుసైకిలుకూ ఇదే సూత్రం. భయపడ్డవాడు రెండు చేతులతోనూ హ్యాండిలును బిగబట్టేస్తాడు. చూపును ఎదురొచ్చే లారీకి అతికించేస్తాడు. బండి అటే పోతుంది. ఇక భయంతో మరీ నెమ్మదిగా నడిపితే అది ఇంకా తూలుతుంది.

1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం ఒక నివేదిక వెలువరించింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన సుమారు 900 మోటారుసైకిలు ప్రమాదాలను వారు ఆ స్థలాలకే వెళ్ళి పరిశీలించారు. ప్రమాదానికి గురైన చోదకులలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారే. ఆపద ఎదురైనప్పుడు హ్యాండిలును ఎదురు తిప్పి పక్కకు తప్పుకునే నేర్పు వారిలో దాదాపు కనబడలేదు. మన దగ్గర నేర్చుకునే పద్ధతి తలుచుకుంటే ఈ అంకె నన్ను కలవరపెడుతుంది. మనకూ గురువులు బాబాయిలూ అన్నయ్యలే కదా!

థెరెసా వాలక్ అనే ఆంగ్లవనిత 1934 డిసెంబరులో ఫ్లోరెన్స్ బ్లెన్‌కిరన్‌తో కలిసి లండన్ నుంచి బయలుదేరి, పక్కబండి తగిలించిన మోటారుసైకిలుపై సహారా ఎడారి దాటి, 1935లో కేప్‌టౌన్ చేరింది. అంతటి సాహసి తర్వాత అమెరికాలో స్థిరపడి చేసిన పని ఏమిటో తెలుసా? మోటారుసైకిలు నడపడం పాఠంగా నేర్పడం. ధైర్యం ఒకరు ఇస్తే వచ్చేది కాదు. చెయ్యి పని నేర్చుకున్నకొద్దీ దానంతటదే వస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా బండి నేర్చుకుంటుంటే ఖాళీ మైదానానికి తీసుకువెళ్ళండి. మోచేతులు వదులుగా ఉంచమనండి. చూపు గుంత మీద కాక వెళ్ళవలసిన దారి మీద నిలపమనండి. బండి కాస్త వేగం అందుకున్నాక, ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి పిడిని మెల్లగా ముందుకు నెట్టమనండి. "భయపడకు" అన్న మాట అంతగా అవసరం పడదు.